కొండకు బయలుదేరే ముందు దారిని చూడడం

(పాఠశాల ప్లాటినమ్ జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బొమ్మసంద్రలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఏడాదికొకసారి తిరుమల యాత్ర ప్రసక్తి రాని ఇల్లు అరుదు. బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించాలి, కొత్తగా పెండ్లయిన జంటను తీసుకుపోవాలి, పిల్లవాడికి ఉద్యోగం వచ్చినందుకు మొక్కు తీర్చాలి. ఊరి పేరు చివరనున్న ‘సంద్ర’ అన్నది ‘సముద్ర’ శబ్దం మారిన రూపమనీ, అక్కడ సముద్రమంటే పెద్ద చెరువనీ చెబుతారు. రాయలసీమలో ‘సముద్రం’ అని ముగిసే ఊళ్ల పేర్లు ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆనాటి చెరువు కింది పల్లె నేడు పారిశ్రామికవాడ. 2025 ఆగస్టు నుండి మెట్రో పసుపు మార్గానికి చివరి స్టేషను కూడా ఇక్కడే. ఇక్కడి నుండి తిరుపతికి 250 కిలోమీటర్ల పైచిలుకు దూరం. సర్జాపురం, హోస్కోటె మీదుగా కోలారు చేరి, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు దాటి పోవడం పలువురు ఎంచుకునే దారి.

ముళబాగిలు పేరు ‘మూడల బాగిలు’ నుండి వచ్చిందంటారు, అనగా తూర్పు వాకిలి. మైసూరు సీమ నుండి తిరుపతికి పోయే యాత్రికులు అక్కడి ఆంజనేయుని సేవించి ముందుకు సాగడం చిరకాలపు ఆచారం. అటువంటి మజిలీలలో ఎదురుగా తిరిగివచ్చే వారిని నిలిపి, ‘కొండమీద జనం ఎట్లా ఉన్నారు?’ అని అడిగేవారు. ఆ సమాధానం ఒకనాటి పాతదే అయినా, చూచి వచ్చినవాని నోటి మాట గనుక దానికి విలువ ఉండేది. నేటి ప్రసంగ విషయం ఆ ప్రశ్నే. అడిగే విధానం మాత్రం మారింది.

దూరాన ఉన్న దానిని కెమెరా ద్వారా చూచి, పోవాలో వద్దో తేల్చుకోవడమన్న ఆలోచనకు ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ కంప్యూటర్ ప్రయోగశాలలో 1991లో కొందరు పరిశోధకులు కాఫీ పాత్రకు ఎదురుగా ఒక కెమెరాను అమర్చారు. భవనంలోని ఇతర చోట్ల నుండి వచ్చి, తీరా పాత్ర ఖాళీగా ఉండడం చూచి ఉసూరుమంటూ తిరిగిపోవడం వారికి విసుగు పుట్టించింది. 1993లో ఆ దృశ్యం ఇంటర్నెట్‌కు ఎక్కింది. 2001లో ఆ కెమెరాను ఆపివేసేనాటికి దేశదేశాల వారు ఆ కాఫీ పాత్రను చూచి ఉన్నారు. వ్యర్థ ప్రయాణాన్ని తప్పించడమే దాని ఏకైక ప్రయోజనం. రహదారి కెమెరా ప్రయోజనమూ అంతే.

ఆ పనిని సింగపూరు బహు చక్కగా చేస్తున్నది. మలేషియాకు పోయే ఉడ్‌ల్యాండ్స్, తువాస్ సరిహద్దు ద్వారాల వద్ద రద్దీ అసాధారణం. అక్కడి రవాణా సంస్థ ఆ రెండు ద్వారాల వద్దనున్న కెమెరాల చిత్రాలను ప్రజలందరికీ అందుబాటులో ఉంచింది. కదిలే చిత్రం కూడా అవసరం లేదు. కొద్ది నిమిషాలకొకసారి మారే నిశ్చల చిత్రం చాలు. పండుగ సెలవులకు బయలుదేరే కుటుంబం ఆ చిత్రం చూచి, భోజనం ముగించుకొని పోదామనో, రేపు పోదామనో నిశ్చయించుకుంటుంది.

తిరుమల సంగతికి వస్తే, కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడ్డాయి. నేడు రెండవ దారిన వాహనాలు ఎక్కుతాయి, మొదటి దారిన దిగుతాయి. ఎక్కే వాహనమేదైనా అలిపిరి తనిఖీ కేంద్రం దాటవలసిందే. 2025 ఆగస్టు 15 నుండి అక్కడ ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. అతివేగాన్ని అరికట్టడానికి ఎక్కేందుకు 28 నిమిషాలకు, దిగేందుకు 40 నిమిషాలకు తక్కువ కారాదని దేవస్థానం కాలనియమం కూడా పెట్టింది. 2025 సెప్టెంబరులో బ్రహ్మోత్సవాల వేళ వైకుంఠం మొదటి క్యూ సముదాయంలో సమీకృత నియంత్రణ కేంద్రం ప్రారంభమైంది. కెమెరాల దృశ్యాలను కృత్రిమ మేధ సహాయంతో పరిశీలించి రద్దీని అంచనా వేయడం దాని పని. కనుక కొండ దారిని చూచే కన్నులు లేక కాదు. అవి ముఖ్యంగా అధికారుల అవసరం కోసం ఏర్పడినవి. యాత్రికునికి అందేది వాటి సారాంశం మాత్రమే. నిన్న ఎంతమంది దర్శించుకున్నారు, నేడు ఎన్ని కంపార్టుమెంట్లు నిండాయి, టోకెన్ లేని సర్వదర్శనానికి ఎన్ని గంటలు పట్టవచ్చు అన్న ప్రకటన అది. ఆ ప్రకటన మేలైనదే. కాని అది దర్శనపు వరుసను గురించి చెబుతుంది, దారిని గురించి కాదు.

అలిపిరి వాకిట ఒక కెమెరా చిత్రాన్ని బహిరంగంగా ఉంచడం ఎందుకు కోరదగినదో వివరించవలసి ఉంది. కాలక్షేపం కోసం కాదు, ప్రాణరక్షణ కోసం.

2025 జనవరి 8 రాత్రి తిరుపతి బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శన టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. టోకెన్లు ఇవ్వవలసింది మరునాటి తెల్లవారుజామున. అస్వస్థతకు గురైన ఒకరిని వెలుపలికి తేవడానికి గేటు తెరవగా, వెనుకనున్నవారు టోకెన్ల కోసమే తెరిచారని భావించి తోసుకువచ్చారని వార్తలు వచ్చాయి. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి క్రీడాప్రాంగణం వెలుపల పదకొండుమంది ప్రాణాలు పోయిన దుర్ఘటన ఈ నగరవాసులు మరువలేనిది. ఒకచోట భక్తి, వేరొకచోట క్రికెట్. ప్రాణాలు తీసిన రీతి మాత్రం ఒక్కటే.

గుంపుల ప్రమాదాలను అధ్యయనం చేసిన అమెరికన్ ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ 1993లో వ్రాసిన వ్యాసంలో వాటికి నాలుగు మూలాలు చూపాడు: ఒత్తిడి, సమాచారం, స్థలం, కాలం. చదరపు మీటరుకు ఏడుగురు చేరేసరికి మనుషుల సమూహం నీటి ప్రవాహం వలె కదులుతుందని, అప్పుడు ఎవరి కాళ్లు వారి అధీనంలో ఉండవని ఆయన చెప్పాడు. నాలుగింటిలో సమాచారమే చవకైనది. వెనుకనున్నవానికి ముందేమి జరుగుతున్నదో కనబడదు, అందుకే తోస్తాడు. వాడు దుర్మార్గుడు కాడు. ముందు నిలిచినవారు ఊపిరాడక కేకలు వేస్తుండగా, వెనుకనున్నవారికి అవి దారి తెరుచుకున్న సందడిగా వినబడవచ్చు. గుంపు నడుమ చిక్కుకున్న తరువాత ఏ కెమెరా కూడా యాత్రికుని కాపాడలేదు. ఆ గుంపులో చేరక ముందే, ఇంటి వద్దనే, అతనికి ఆ దృశ్యం కనబడితే కొందరైనా ఆగుతారు.

కొందరే. మొక్కు గడువు దగ్గరపడినవారు, సెలవు దొరకనివారు, మూడు నెలల ముందే 300 రూపాయల టికెట్టు తీసుకున్నవారు ఎట్లాగూ బయలుదేరుతారు. వారిని తప్పుపట్టడం భావ్యం కాదు. అయితే చంటిబిడ్డతోనో, మోకాళ్ల నొప్పుల తల్లితోనో పోయే కుటుంబం వారం ఆగితే అపచారమేమీ లేదు. స్వామి ఎక్కడికీ పోడు.

చిత్రం దొరికినంత మాత్రాన పని తీరదు. దానిని చదవడం నేర్వాలి. బొమ్మసంద్రలో కూర్చొని అలిపిరి చిత్రం చూచినవాడు అక్కడికి చేరేసరికి ఐదారు గంటలు గడుస్తాయి. అతడు చూచినది తాను ఉండబోని కాలాన్ని. ఉదయం పది గంటలకు ఖాళీగా కనబడిన దారి సాయంత్రం నాలుగింటికి ఖాళీగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. తాను చేరబోయే గంటకు గత వారం అదే రోజున ఎట్లా ఉన్నదో చూచుకోవడమే ఉపకరించే పద్ధతి. శుక్రవారానికి శుక్రవారమే కొలత, సెలవు దినానికి సెలవు దినమే కొలత. దసరా నాటి రద్దీని ఆషాఢ మాసపు మంగళవారంతో అంచనా కట్టరాదు.

ఇంకొక చిక్కు ఉంది. ఘాట్ రోడ్డును సాధారణంగా అర్ధరాత్రి నుండి తెల్లవారుజామున మూడు గంటల దాకా మూసి ఉంచుతారు. రెండున్నరకు తీసిన చిత్రంలో కొండదారి నిర్మానుష్యంగా కనబడుతుంది. అది రద్దీ లేమి కాదు, తలుపు మూసి ఉండడం. మూడు కొట్టేసరికి గేటు ముందు నిలిచిన కార్ల వరుసంతా ఒక్కసారిగా కదులుతుంది. అందుచేత దారిని మాత్రమే గాక గేటు ముంగిటిని కూడా చూపే చిత్రం కావాలి.

దారి చూపే కెమెరాకు నడకదారి భక్తులు కనబడరు. అలిపిరి నుండి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుండి 2,388 మెట్లు ఎక్కి వచ్చేవారు వేలసంఖ్యలో ఉంటారు. నిన్ననే కొండపైకి చేరి నేటికీ వరుసలో వేచియున్నవారూ కనబడరు. కంపార్టుమెంట్లన్నీ నిండి వరుస శిలాతోరణం దాకా సాగిన రోజున కూడా ఘాట్ రోడ్డు ప్రశాంతంగా ఉండవచ్చు. కనుక చిత్రాన్ని దేవస్థానం ప్రకటనతో జోడించి చదవాలి. ఒక్కదానినే నమ్మి బయలుదేరినవానికి అసలు నిరీక్షణ కొండపైన ఎదురవుతుంది.

అందరూ ఒకే చిత్రం చూచి ఒకే ఖాళీ గంటకు బయలుదేరితే ఆ గంట కూడా నిండిపోదా అని ఆక్షేపించవచ్చు. నిజమే, కొంత నిండుతుంది. అయినా ఒకే గంటలో పోగయ్యే జనం మూడు గంటలకు సర్దుకోవడం కూడా లాభమే.

ఇక దారికి ఈ కొన. శుక్రవారం సాయంత్రం హోసూరు రోడ్డు పరిస్థితి ఈ సభలోని వారికి వర్ణించి చెప్పనక్కరలేదు. 2010లో ఎలక్ట్రానిక్ సిటీ పైవంతెన తెరిచినప్పుడు ఈ బాధ తీరిందనుకున్నారు. వంతెన దిగినచోట మళ్లీ వాహనాలు నిలవసాగాయి. ఇక్కడ ఫోను పటంలోని ఎరుపు, పసుపు గీతలు చాలావరకు ఉపకరిస్తాయి. అయితే అవి కెమెరా చూచిన దృశ్యాలు కావు, దారిలో పోయేవారి ఫోనుల కదలిక వేగాన్ని లెక్కగట్టి వేసిన రంగులు. గేటు మూసి ఉన్నచోట, లేదా వాహనాలు కదలక జనం మాత్రమే గుమిగూడినచోట ఆ రంగులు సంగతి సరిగా చెప్పలేకపోవచ్చు. రంగు వేగాన్ని చెబుతుంది, చిత్రం కారణాన్ని చూపుతుంది. బస్సులోనో రైలులోనో పోదలచినవారికి పసుపు మార్గం ఒక వెసులుబాటు. బొమ్మసంద్రలో మెట్రో ఎక్కి, ఆర్.వి. రోడ్డు వద్ద ఆకుపచ్చ మార్గానికి మారితే, సిల్క్ బోర్డు కూడలి రద్దీలో చిక్కుకోకుండా మెజెస్టిక్ చేరవచ్చు.

పాఠశాలకు ఈ విషయంతో సంబంధమేమిటని ఉపాధ్యాయులు అడగవచ్చు. తల్లిదండ్రులు యాత్ర పెట్టుకునేది పాఠశాల సెలవులను బట్టే. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులన్నింటా కొండమీద రద్దీ హెచ్చుగా ఉంటుంది. దసరా రోజులలోనే బ్రహ్మోత్సవాలు వస్తాయి, గరుడసేవ నాడు ద్విచక్ర వాహనాలను ఘాట్ రోడ్డుపై నిలిపివేస్తారు. సెలవుల పట్టికను తల్లిదండ్రులకు ముందుగా అందజేసి, అందులోనే కొండమీద రద్దీ హెచ్చుగా ఉండే రోజులను గుర్తించి చూపడం కష్టమైన పని కాదు.

తొమ్మిదవ తరగతి పిల్లలు గణితంలో సగటును, పటాలను నేర్చుకుంటారు. వారికి ఒక పని అప్పగించవచ్చు. నాలుగు శుక్రవారాలు సాయంత్రం ఐదు నుండి ఎనిమిది దాకా, పెద్దల తోడుతో, మెట్రో స్టేషను పాదచారుల వంతెనపై నిలిచి అత్తిబెలె వైపు పోయే వాహనాలను పావుగంటకొకసారి ఐదు నిమిషాల చొప్పున లెక్కించాలి. నోటుపుస్తకంలో తేదీ, గంట, కార్లు, బస్సులు, వాన కురిసిందా లేదా, మరునాడు సెలవా కాదా అని గడులు గీసుకోవాలి. ఐదవ శుక్రవారం లెక్కింపుకు ముందు ఆ గంటలకు తమ అంచనాను వ్రాసి, పెట్టెలో వేసి తాళం పెట్టాలి. శనివారం తరగతిలో ఆ పెట్టె తెరిచి, అంచనాను అసలు లెక్క పక్కన నల్లబల్లపై వ్రాసి చూచుకోవాలి.