ఘాట్ రోడ్డుకు తగ్గ పిస్టన్



నర్సీపట్నం దాటి చింతపల్లి రోడ్డు పట్టిన బండికి అసలు పరీక్ష లంబసింగి ఘాట్‌లో మొదలవుతుంది. నర్సీపట్నం మైదానంలో ఉంది. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో అన్నీ మలుపులే. సెకండ్ గేరులో, నిండా జనంతో ఎక్కాలి. పొగ కొడుతూ, ఆయిల్ తాగుతూ బండి ఎక్కనని మొరాయిస్తే మెకానిక్ ఒకటే మాట అంటాడు: ‘బోరుకొచ్చింది, పిస్టన్లు మార్చాలి.’ ఎలాగూ ఇంజన్ విప్పుతున్నాం కదా, పనిలో పనిగా కాస్త జోరు పెంచుదామని కుర్రాళ్లకు ఆశ పుడుతుంది. ఆ జోరుకు ఎలాంటి పిస్టన్ ఎంచుకోవాలన్నదే ఈ రోజు మన విషయం.

చాలామంది అనుకునేది, పెద్ద పిస్టన్ వేస్తే పవర్ పెరుగుతుందని. లెక్క చూద్దాం. పాత మారుతి 800లో మూడు సిలిండర్లు. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 72 మిల్లీమీటర్లు. మొత్తం 796 సీసీ. అర మిల్లీ ఓవర్‌సైజు వేస్తే అది 808 సీసీ దగ్గరికి వస్తుంది. పెరిగింది పన్నెండు సీసీలే. ఘాట్‌లో ఆ తేడా మీ కాలికి తెలియను కూడా తెలియదు. పావు, అర, ముప్పావు మిల్లీ సైజులు వచ్చింది అరిగిన బోరును మళ్లీ గుండ్రంగా కోయడానికి. జోరు కోసం కాదు.

జోరు పెరిగేది కంప్రెషన్ వల్ల. పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీలోకి గాలి, పెట్రోలు ఎంతగా నొక్కుకుంటే అంత బలం. పిస్టన్ తల చదునుగా ఉందా, ఉబ్బిందా, గుంట పడిందా అన్నదాన్ని బట్టి ఆ ఖాళీ మారుతుంది. మారుతి 800లో ఒక్కో సిలిండర్ 265 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి తొమ్మిది ఉండాలంటే పైన 33 సీసీ ఖాళీ కావాలి. పది కావాలంటే 29.5 సీసీ. తేడా మూడున్నర సీసీ చిల్లర, అంటే ఒక టీ స్పూను కూడా నిండదు. అందుకే తెలిసినవాళ్లు హెడ్డు తిరగేసి, మీద అద్దంలాంటి పలక బిగించి, చిన్న రంధ్రం గుండా సిరంజితో ద్రవం పోసి సీసీలు కొలుస్తారు. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు.

కంప్రెషన్ పెంచేముందు బంకు వైపు కూడా చూడాలి. మామూలు పెట్రోలు ఎంత నొక్కుడు తట్టుకుంటుందో దాని ఆక్టేన్ చెబుతుంది. ఆ పెట్రోలు తట్టుకోలేనంతగా నొక్కితే, మంట తనదాకా చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. తక్కువ స్పీడు, ఎక్కువ బరువు, వేడెక్కిన ఇంజన్, ముందు నుంచి గాలి అంతగా తగలకపోవడం, ఇవన్నీ కలిస్తే నాకింగ్‌కు దారి తెరిచినట్టే. ఘాట్ ఎక్కే బండి పరిస్థితి అచ్చంగా ఇదే. అలాంటి ఇంజన్‌లో రింగుల మధ్య గట్లు విరుగుతాయి. ముదిరితే పిస్టన్ తలకు బొక్కే పడుతుంది. రేసు ట్రాక్ మీద బ్రహ్మాండంగా పనిచేసిన కంప్రెషన్ మన కొండ మీద ఇంజన్‌ను పాడుచెయ్యవచ్చు.

ఇక లోహం సంగతి. పూర్వం పిస్టన్లు పోత ఇనుముతో ఉండేవి. 1913లో డబ్ల్యూ.ఓ. బెంట్లీ అనే ఇంగ్లండు ఇంజనీరు ఒక ఫ్రెంచి కార్ల ఫ్యాక్టరీలో పిస్టన్ ఆకారంలో ఉన్న అల్యూమినియం పేపర్‌వెయిట్ చూసి, నిజం పిస్టన్‌నే ఆ లోహంతో చేయించాడు. బరువు తగ్గితే ఏమవుతుంది? ఇంజన్ నిమిషానికి ఆరు వేల చుట్లు తిరుగుతుంటే పిస్టన్ సెకనుకు రెండు వందల సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. పై కొసన ఆగే క్షణంలో పిస్టన్‌లోని ఒక్కో గ్రామూ, దాన్ని క్రాంకుకు కలిపే కాన్‌రాడ్‌ను కిలోన్నరకు పైగా బలంతో లాగుతుంది. అందుకే అన్ని పిస్టన్లూ గ్రాము తేడా లేకుండా తూచి వేస్తారు.

ఇప్పుడు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. అచ్చులో పోసినవి, నొక్కి సాగదీసిన ఫోర్జ్‌డ్‌వి. పోత పిస్టన్‌లో సిలికాన్ బాగా ఉంటుంది కాబట్టి వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, బోరులో బిగువుగా కూర్చుంటుంది, చప్పుడు చెయ్యదు. కానీ దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది. ఫోర్జ్‌డ్‌లో 2618 అనే మిశ్రమలోహంలో సిలికాన్ దాదాపు ఉండదు. దెబ్బలు కాచుకుంటుంది, కానీ వేడికి బాగా ఉబ్బుతుంది కాబట్టి సందు ఎక్కువ వదలాలి. 4032 రకంలో సిలికాన్ పన్నెండు శాతం దాకా ఉంటుంది, సందు తక్కువ సరిపోతుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి చలిలో 2618 పిస్టన్ల బండి స్టార్ట్ చేస్తే, వేడెక్కేదాకా పిస్టన్ గోడలకు కొట్టుకుంటూ టకటకలాడుతుంది. రోజూ కొండెక్కి దిగే బండికి ఆ ఒరిపిడి మంచిది కాదు. టర్బో బిగించి ట్రాక్ మీద తిప్పే ఇంజన్‌కు 2618 పిస్టనే సరైనది.

రకం ఏదైనా, పని వరస తప్పకూడదు. ముందు పిస్టన్ కొనాలి, ఆ తర్వాతే బోరు కోయాలి. బోరింగ్ షాపులో పిస్టన్ అడుగుభాగాన్ని, పిన్నుకు అడ్డంగా, మైక్రోమీటరుతో కొలుస్తారు. బోరును పైన, నడుమ, కింద మూడు చోట్ల చూస్తారు. తయారీదారు చెప్పిన సందు కలిపి కోసి, ఆఖరున హోనింగ్‌లో ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నగీతలు పెడతారు. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది. రింగును బోరులోకి జారవిడిచి, కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూస్తారు. ఆ సందు చాలకపోతే వేడికి కొసలు ఒకదాన్నొకటి తన్నుకుని ఇంజన్ పట్టేస్తుంది.

ఒక హెచ్చరిక. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. జోరు చూపించాలంటే ట్రాకులున్నాయి. మారుతి 800 ఇంజన్‌తోనే కోయంబత్తూరు వాసి ఎస్. కరివర్ధన్ ఫార్ములా మారుతి రేసు కార్లు తయారుచేశాడు. ఆయన పేరుతోనే అక్కడ కరి మోటార్ స్పీడ్‌వే ఉంది.

కాబట్టి షాపుకు వెళ్లి ‘ఎంత పవర్ వస్తుంది’ అని అడగకండి. బండి ఏ రోడ్డు మీద తిరుగుతుందో, ఏ పెట్రోలు తాగుతుందో, ఎంతసేపు బరువు లాగుతుందో ముందు మీరే చెప్పండి. రోజూ నర్సీపట్నం నుంచి చింతపల్లి దాకా తిరిగే బండి అయితే కంపెనీ కొలతల పోత పిస్టన్, పక్కాగా కోసిన బోరు, సరైన రింగులు చాలు. మిగిలిన డబ్బు రేడియేటర్ శుభ్రానికీ బ్రేకులకూ పెట్టండి. ఎక్కిన ఘాట్ దిగాలి కూడా కదా.