ముహూర్తం వేళకి బిగుసుకుపోయిన కంప్యూటరు



లైవు వీడియో చూస్తుంటే కంప్యూటరు ఎందుకు బిగుసుకుపోతుందో, అప్పుడు ఏం చెయ్యాలో చెప్పమని అడిగారు. ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. అందులో తప్పంతా నాదే.

2020 మే నెల. మమ్మల్ని చూడ్డానికి ఇంగ్లండు వచ్చిన అమ్మ, మార్చి 23 నుంచి ఇండియాకి మామూలు విమానాలు ఆగిపోవడంతో మా దగ్గరే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే తెనాలిలో మా మేనమామ కూతురి పెళ్ళి. అమ్మకి ఉన్నది ఒక్కతే మేనకోడలు. పెళ్ళికి యాభై మందికి మించి రాకూడదని అక్కడ నిబంధన. ముహూర్తం ఉదయం తొమ్మిదిన్నరకి, అంటే మనకి తెల్లవారుజామున ఐదింటికి. అమ్మ మూడున్నరకే లేచి, తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని సోఫాలో కూర్చుంది. ఒళ్ళో చిన్న పళ్ళెం, అందులో అక్షింతలు.

నేను లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, పక్కనున్న దుప్పటి మీద పెట్టాను. బొమ్మ బాగా కనపడాలని 1080 పెట్టాను. అది చాలదన్నట్టు ఇంకో కిటికీలో మా తమ్ముడితో వీడియో కాలు. వధూవరులు జీలకర్ర బెల్లం పెట్టడానికి చేతులు ఎత్తారు. అంతే, బొమ్మ ఆగిపోయింది. పంతులుగారి గొంతు ఒకే అక్షరం దగ్గర ఇరుక్కుని గరగరమంటోంది.

"ఏమైంది నాన్నా?" అంది అమ్మ.

"నెట్టు పోయిందమ్మా, రెండు నిమిషాలు" అన్నాను. ఇదే పని చేసి బతుకుతున్నవాణ్ణి కదా, ఆ ధీమా! రౌటరు ఆపి మళ్ళీ వేశాను. బొమ్మ వచ్చింది, మళ్ళీ బిగుసుకుంది. చివరికి లాప్‌టాప్ ఆపి తిరిగి వేసేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పళ్ళెం దేవుడి దగ్గర పెట్టి, వెళ్ళి కాఫీ కలిపింది. తిట్టినా బాగుండేది.

తరవాత తీరిగ్గా చూస్తే నెట్టుకి ఏమీ కాలేదు. జ్వరం ఒకరికైతే మందు ఇంకొకరికి వేశానన్నమాట.

ఇందులో కిటుకు ఏమిటో చెబుతాను. ఇంటర్నెట్టులో మొదటి వెబ్‌కామ్‌గా చెప్పుకునేది ఈ దేశంలోనే పుట్టింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ లాబొరేటరీలో కాఫీ కుండ నిండుగా ఉందో లేదో కుర్చీలోంచి లేవకుండా చూసుకోడానికి 1991లో కెమెరా పెట్టారు. 1993లో అది వెబ్‌కి ఎక్కింది, 2001లో ఆపేశారు. అప్పట్లో అది నిమిషానికి సుమారు మూడు బొమ్మలు పంపేది, అదీ నలుపు తెలుపుల్లో. ఇప్పుడు మన పెళ్ళి వీడియోలో సెకనుకి పాతిక ముప్ఫై బొమ్మలు. 1080 అంటే ఒక్కో బొమ్మలో ఇరవై లక్షలకు పైగా చుక్కలు. అంత సరుకు తీగలో పట్టదు కాబట్టి పట్టుచీరని మడిచి పెట్టెలో పెట్టినట్టు మడిచి పంపుతారు. ఆ మడతలు విప్పే పని మన కంప్యూటరుది. కొత్త రకం మడతలు విప్పే ఏర్పాటు పాత గ్రాఫిక్స్ చిప్పులో ఉండదు. అప్పుడు భారమంతా ప్రధాన ప్రాసెసరు మీద పడుతుంది. అది వేడెక్కుతుంది. వేడెక్కితే తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. మా లాప్‌టాప్‌కి గాలి ఆడే చోటు దుప్పటితో నేనే మూసేశాను.

పాత సినిమా చూస్తే ఇంత ఇబ్బంది ఎందుకు రాదంటారా? వండి గంగాళంలో పెట్టిన పులిహోర ఎంత కావాలంటే అంత ముందే వడ్డించుకోవచ్చు. లైవు అలా కాదు, పెనం మీదనుంచి నేరుగా పళ్ళెంలోకి వచ్చే దోసె. ముందుగా దాచుకునేది కొద్దిగానే. ఎక్కడ ఆలస్యమైనా వెంటనే తెలిసిపోతుంది.

అందుకని బొమ్మ ఆగగానే దేన్నీ ఆపకండి. ముందు మౌసు కదపండి. బాణం చక్కగా కదులుతూ, బొమ్మ మధ్యలో చక్రం తిరుగుతుంటే అనుమానం నెట్టు మీద. అదే వైఫైలో అదే లింకుని ఫోనులో తెరవండి. అక్కడా ఆగితే నెట్టుదో, అటు నుంచి పంపేవాళ్ళదో ఇబ్బంది. కంప్యూటరుని తీగతో రౌటరుకి కలిపి చూడండి, పిల్లల ఆటలు కాసేపు ఆపించండి.

బాణం కూడా కదలకపోయినా, ఈడ్చుకుంటూ కదిలినా, ఫాను హోరుమంటున్నా అది కంప్యూటరు అలసట. నాణ్యత 1080 నుంచి 480కి దించండి, చుక్కలు అయిదో వంతుకి తగ్గుతాయి. మిగతా కిటికీలన్నీ మూసెయ్యండి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, ఎవరు ఎంత తింటున్నారో అందులో కనపడుతుంది. లాప్‌టాప్‌ని గట్టి బల్ల మీద పెట్టి, చార్జరు తగిలించి ఉంచండి. ఇవన్నీ చేసినా తెర మొత్తం బిగుసుకుంటుంటే గ్రాఫిక్స్ డ్రైవరు కొత్తది వేసుకోండి. అప్పటికీ కుదరకపోతే బ్రౌజరు సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. కొన్ని కంప్యూటర్లకి అది మేలు చేస్తుంది, కొన్నిటికి భారం పెంచుతుంది. అందుకే ఈ పరీక్షలు ముందు రోజు సాయంత్రమే, ఏదో ఒక లైవు గంటసేపు నడిపి చేసుకోవాలి. అప్‌డేట్లు కూడా ఆ రోజే ముగించండి. ఇంకో మాట, మన గడియారాలు మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో మారతాయి. ఇండియాతో తేడా వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర. ముహూర్తం లెక్క సరిచూసుకోండి.

చివరగా, నాకు ఆ రోజు తట్టని సంగతి ఒకటి. రౌటరు దగ్గరికి పరిగెత్తకుండా మావయ్యకి మామూలు ఫోను చేసి, స్పీకరు పెట్టి అమ్మ చేతికి ఇచ్చి ఉంటే సరిపోయేది. బొమ్మ లేకపోయినా గట్టిమేళం వినపడేది. ఆ మోత వింటూ అమ్మ సరైన క్షణానికి అక్షింతలు వేసి ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో ఏ శుభకార్యం చూడాలన్నా, లింకు తెరిచేముందు ఆ ఫోను నంబరు కాగితం మీద రాసి టీవీ పక్కన పెడుతున్నాను. మీరూ పెట్టుకోండి.

సెలవు.