ఫోన్‌లో సైన్సు పాఠం, ఆరోగ్య పాఠం: పైసా ఖర్చు లేకుండా

(తల్లికి వందనం లబ్ధిదారుల కోసం. 6, 7, 8 తరగతుల పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో జిల్లా సమాచార, పౌర సంబంధాల అధికారి మాట్లాడిన మాటలు. చదవడం ఇబ్బంది అయినవాళ్లు పిల్లల చేత చదివించుకుని వినండి.)



నేను మైకు పట్టుకోగానే డబ్బుల సంగతి చెబుతానని చూస్తారు. సరే, ముందు అదే చెప్పేస్తాను. తల్లికి వందనం కింద బడికి వెళ్లే ఒక్కో బిడ్డకు ఏడాదికి 15,000 రూపాయలు. అందులో 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. మిగిలిన 2,000 బడి నిర్వహణకు వెళ్తుంది. బిడ్డకు 75 శాతం హాజరు ఉండాలి. పడనివాళ్లు ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం పట్టుకుని సచివాలయానికి వెళ్లి అడగండి. మధ్యలో మనిషి ఎవరూ అక్కర్లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇక నేను వచ్చిన పని. ఆ పదమూడు వేలల్లో కొంత ఎటు పోతోందో మాట్లాడదామని వచ్చాను.

ఆ మధ్య ఒకమ్మ మా ఆఫీసుకు రసీదు పట్టుకుని వచ్చింది. టై కట్టుకున్న కుర్రాడు ఇంటికొచ్చి, పాపకు సైన్సు వీడియోలు ఇస్తామని ఆరు వేలు కట్టించుకుని వెళ్లాడట. నాలుగు రోజులకే ఆ యాప్ తెరుచుకోవడం మానేసింది. ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు. డబ్బు సంగతి పోలీసులకు రాసిచ్చాం. పాపను మాత్రం ఒక మాట అడిగాను: ‘నాలుగు రోజుల్లో ఏం చూశావమ్మా?’ అని. మొక్కలు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయో చూశానంది. నీ సైన్సు పుస్తకం తియ్యి అన్నాను. సంచిలోనే ఉంది. పాఠం మొదట్లో నలుపు తెలుపు గడి కూడా ఉంది. వాళ్లమ్మ ఫోన్‌తోనే స్కాన్ చేశాం. అదే పాఠానికి వీడియో వచ్చింది. ఆ తల్లి ముఖం చూడలేకపోయాను. ఆరు వేలు పోయినందుకు కంటే, ఈ గడి సంగతి మాకెవరూ ఎందుకు చెప్పలేదని ఆమె అడిగినందుకు నాకు ఎక్కువ సిగ్గనిపించింది. చెప్పాల్సిన ఉద్యోగం నాదే కదా.

కిరాణా కొట్టులో డబ్బు కట్టడానికి స్కాన్ చేస్తారే, ఆ క్యూఆర్ కోడ్ లాంటిదే పుస్తకంలోనూ ఉంటుంది. దీన్ని స్కాన్ చేస్తే డబ్బు పోదు, పాఠం వస్తుంది. ఇందుకు దీక్షా అనే యాప్ కావాలి. కేంద్ర ప్రభుత్వానిది, 2017 నుంచి ఉంది. ప్లే స్టోర్‌లో ఉచితం. మొదటిసారి తెరిచినప్పుడు భాష, మీ రాష్ట్రం బోర్డు, పిల్లల తరగతి అడుగుతుంది. అవి నొక్కాక స్కాన్ గుర్తు కనిపిస్తుంది. పాఠం చూడటానికి పేరు నమోదు చేసుకోవాల్సిన పని లేదు, బ్యాంకు వివరాలు అడగదు. ఎక్కడైనా అడిగిందంటే మీరు తెరిచింది దీక్షా కాదు.

కెమెరా గాజు పగిలిందా? గడి పక్కనో కిందో ఆరు అక్షరాలు, అంకెలు కలిపిన కోడ్ ఉంటుంది. అది టైపు చేసినా పాఠం వస్తుంది. నెట్ అయిపోతుందని భయమా? సిగ్నల్ బాగున్న చోట ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే, తర్వాత నెట్ లేకుండా ఎన్నిసార్లయినా చూడొచ్చు. చాలా ఇళ్లలో ఫోన్ పొద్దున్నే నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుంది, రాత్రికి గానీ రాదు. అలాంటివాళ్లు ఆదివారం పూట ఆ వారం పాఠాలు దింపి పెట్టుకుంటే సరి.

అసలు ఫోనే లేని ఇల్లు ఉంటే టీవీ ఉంది. పీఎం ఈ-విద్య పేరుతో 2020లో ఒక్కో తరగతికి ఒక్కో ఛానల్ చొప్పున పన్నెండు ఛానళ్లు మొదలుపెట్టారు. తర్వాత వాటిని 200కు పెంచారు. నెల నెలా డబ్బు కట్టనక్కర్లేని డీడీ ఫ్రీ డిష్‌లో వస్తాయి. ఒక్క చిక్కేమిటంటే, టీవీ పాఠం మనకోసం ఆగదు. అర్థం కానిచోట మళ్లీ వెనక్కి తిప్పలేం. అందుకే ఉన్నంతలో ఫోనే మేలంటాను.

వీడియో చూసినంత మాత్రాన సైన్సు వచ్చేస్తుందని నేను అననండోయ్. వంట వీడియో చూస్తే కడుపు నిండుతుందా? చేసి చూడాలి. అరవింద్ గుప్తా అని ఒక ఇంజనీరు ఉన్నారు, ఐఐటీ కాన్పూర్‌లో చదివారు, 2018లో పద్మశ్రీ వచ్చింది. అగ్గిపుల్లలు, సైకిల్ ట్యూబు ముక్కలు, స్ట్రాలు, పాత సీసాలతో సైన్సు బొమ్మలు చేయించడమే ఆయన జీవితం పని. అరవింద్ గుప్తా టాయ్స్ అని వెతికితే ఆయన వెబ్‌సైట్ వస్తుంది. బొమ్మలెలా చేయాలో అన్నీ ఉచితం. తెలుగులోకి వచ్చిన సైన్సు పుస్తకాలూ అక్కడ ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంకోటి చెబుతాను: ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లది. నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. తెర మీదే బ్యాటరీ, వైరు, బల్బు కలిపి చూడొచ్చు. తప్పు కలిపితే మంటలు తెర మీదే వస్తాయి, ఇంట్లో ఫ్యూజు పోదు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి. దీని గురించి కాస్త నిదానంగా మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ నేనూ ఒకసారి తప్పులో కాలేశాను.

బడిలో వారానికొకసారి నీలం రంగు మాత్ర ఇస్తారు, మీకు తెలుసు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర. పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలకు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ. అంతకంటే చిన్నవాళ్లది గులాబీ రంగు. ఒక ఊరి బడిలో ఒక వారం ఆడపిల్లల్లో సగానికి పైగా మాత్ర తీసుకుని నోట్లో వేసుకోకుండా కిటికీలోంచి విసిరేశారు. కారణం ఒక వీడియో. తెల్లకోటు వేసుకున్న మనిషి, పేరు లేదు, ఆసుపత్రి పేరు లేదు. ఈ మాత్ర మింగితే పెద్దయ్యాక పిల్లలు పుట్టరని చెబుతాడు. వాట్సాప్‌లో రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది. అదే వారం ఇద్దరు పిల్లలకు విరేచనం నల్లగా అయింది. ఇంకేముంది, వీడియో నిజమే అనుకున్నారు.

నేనేం చేశానంటే, నాకు వచ్చిన పని చేశాను. ‘వదంతులు నమ్మవద్దు’ అని ప్రకటన రాసి పేపర్లకు పంపాను. మర్నాడు మూడు పేపర్లలో వచ్చింది. మాత్రలు మాత్రం కిటికీ అవతలే పడ్డాయి. భయపడ్డవాళ్లకు నమ్మవద్దు అని చెబితే సరిపోదు కదా, ఎందుకో చెప్పాలి. నా ప్రకటనలో ఆ ఎందుకు లేదు.

చెప్పింది అక్కడి సైన్సు టీచరమ్మ. పిల్లల్నీ తల్లుల్నీ కూర్చోబెట్టి, ఫోన్‌లో రక్తం పాఠం తీసి చూపించింది. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌ను ఒళ్లంతా మోసేది రక్తంలోని హీమోగ్లోబిన్. అది తయారవ్వాలంటే ఇనుము కావాలి. ఎదిగే వయసు, దానికి తోడు ఆడపిల్లలకు నెలసరి. తిండిలో వచ్చే ఇనుము చాలదు. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లకు హీమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. అలాంటి పిల్ల మెట్లెక్కితే ఆయాసపడుతుంది, క్లాసులో కునికిపాట్లు పడుతుంది, మనం బద్ధకం అని తిడతాం. ఇక విరేచనం నల్లగా ఎందుకయింది? ఒంటికి పట్టకుండా మిగిలిన ఇనుము బయటకు పోతుంది కాబట్టి. ఇనుప మేకు నీళ్లలో వేసి పెడితే రంగు మారదా, అట్లాంటిదే అంది ఆవిడ. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, ‘మరి కడుపులో తిప్పుతోంది కదా టీచర్’ అంది. ఖాళీ కడుపున మింగితే తిప్పుతుంది, అన్నం తిన్నాక మింగు అని చెప్పింది. అన్నం కాగానే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, నిమ్మకాయ పిండుకుంటే, ఉసిరికాయ తింటే బాగా పడుతుంది. ఇవన్నీ ఆ పూట చెప్పినవే. తర్వాతి వారం కిటికీ కింద మాత్రలు లేవు.

(జ్వరంగానీ, వేరే జబ్బుకు మందులుగానీ ఉంటే, మాత్ర వేసే ముందు ఏఎన్ఎం అమ్మకు చెప్పండి. ఒంట్లో బాగోకపోతే ఫోన్‌లో వెతుకుతూ కూర్చోకండి. వీడియో పాఠం చెబుతుంది, వైద్యం చేయదు.)

నేను జర్నలిజం చదువుకున్నవాణ్ణి. ఆ చదువులో నేర్పిన మొదటి సంగతులే ఇక్కడ పనికొస్తాయి. ఆరోగ్యం వీడియో ఏదొచ్చినా పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగనివ్వండి. చెప్పేదెవరు, పేరూ ఊరూ ఉందా? చివర్లో ఏదైనా పొడో నూనో అమ్ముతున్నాడా? ఇదే మాట మీ పాఠ్యపుస్తకంలోగానీ ఏఎన్ఎం దగ్గరగానీ వినిపిస్తుందా? ఏడో తరగతి పిల్ల ఇది చేయగలదు. మనకంటే తొందరగా చేస్తుంది కూడా.

ఒక్క మాట కాస్త కటువుగానే చెబుతాను, ఏమనుకోవద్దు. ఫోన్ విషయంలో మనం అబ్బాయికొక లెక్క, అమ్మాయికొక లెక్క పెడుతున్నాం. అబ్బాయి రాత్రి పదింటి దాకా ఆటలాడినా ఊరుకుంటాం. అమ్మాయి పాఠం చూస్తానంటే ‘ఎందుకే ఫోను’ అంటాం. తల్లికి వందనం డబ్బు ఇద్దరికీ ఒకే లెక్కన వస్తోంది. ఇద్దరికీ అరగంట చొప్పున ఇవ్వండి. వసారాలోనో, వంటింటి గుమ్మం దగ్గరో, నలుగురూ తిరిగేచోట కూర్చోమనండి. మూలగదిలోకి ఎవరి చేతికీ వద్దు, అబ్బాయికైనా సరే.

ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమారదశ పాఠం ఉంటుంది. గొంతు ఎందుకు మారుతుంది, మొటిమలు ఎందుకొస్తాయి, నెలసరి అంటే ఏమిటి, అందులో ఉంటాయి. కొన్నిచోట్ల ఆ పాఠం వచ్చేసరికి ‘ఇంట్లో చదువుకోండి’ అనేస్తారు, ఇంట్లో మనం ‘బడిలో చెబుతారులే’ అంటాం. మధ్యలో పిల్లలు దాన్ని ఎక్కడ నేర్చుకుంటారో మీకు చెప్పనక్కర్లేదు, ఆ వీడియోలకు కొదవ లేదు. ముందు మీరు ఒకసారి ఆ పాఠం చూడండి, తర్వాత పిల్ల పక్కన కూర్చోండి. ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. అమ్మ పక్కనే ఉండి చూసిందంటే, రేపు ఏదైనా అడగడానికి ఆ పిల్లకు నోరు వస్తుంది. బడిలో ఆరోగ్యం సంగతులు చెప్పడానికని 2020 నుంచి జాతీయ కార్యక్రమం ఒకటి ఉంది. దాని కింద బడికి ఇద్దరు టీచర్లకు ఆ పని అప్పగించాలి. మీ బడిలో వాళ్లెవరో ఈ రోజు వెళ్లేలోపు అడిగి తెలుసుకోండి. పిల్లలు దిగులుగా ఉంటున్నా, చదువు భయంతో నిద్ర పట్టకపోయినా 14416కు ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అంటారు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మోసం గురించి చెప్పి ముగిస్తాను. ‘ఈ ఫైలు దింపుకుంటేనే తల్లికి వందనం పడుతుంది’ అని వాట్సాప్‌లో ఏదైనా వస్తే నొక్కకండి. ఏపీకే అని చివర్లో ఉన్న ఫైలు ఏదైనా సరే, బంధువుల నంబరు నుంచి వచ్చినా సరే. అది ఫోన్‌లోకి ఎక్కితే మీ మెసేజీలు, ఓటీపీలు వాళ్లకు చేరే ప్రమాదం ఉంది. దీక్షా యాప్ పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా మీ డబ్బుకు దానితో సంబంధం లేదు. పొరపాటున నొక్కి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. మొగుడు తిడతాడని రెండు రోజులు దాచిపెట్టిన అమ్మలున్నారు, అలా చేయకండి.

సరే, ఇప్పుడు ఫోన్లు బయటికి తీయండి. పిల్లలూ, సైన్సు పుస్తకం తీయండి. ఏ పాఠమైనా ఫర్వాలేదు, గడి ఉన్న పేజీ తెరిచి అమ్మకు చూపించండి. బటన్ ఫోన్ ఉన్నవాళ్లు పక్కవాళ్లతో జతకట్టండి. ఎవరికి తెరుచుకోకపోయినా ఇటు రండి, నేను ఇక్కడే ఈ బల్ల దగ్గర ఉంటాను. భోజనం గంట కొట్టేదాకా టైముంది.