ఇయ్యాల ఎన్ని గ్లాసులు?

(నారాయణఖేడ్‌లో చదువు నేర్చిన అక్కలతో చెప్పిన మాటలు)



ఇయ్యాల పొద్దున్నుంచి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగిన్రు? ఎవరూ చెప్పలేరు. ఎన్ని బిందెలు మోసిన్రంటే మాత్రం అందరూ చెప్తరు.

నేనూ అంతే. పత్తి ఏరబోతే పొద్దుగూకే దాకా నీళ్లు ముట్టకపోయేదాన్ని. తాగితే ఒంటికి పోవాలె. చేన్ల చాటు ఉండదు. మగవాళ్లు తిరుగుతుంటరు. అందుకే నోరు ఎండబెట్టుకున్న. ఒకసారి ఒంటికి పోతే మంట, చలిజ్వరం. డాక్టరమ్మ అడిగింది: "రోజుకు ఎన్ని నీళ్లు తాగుతవమ్మా?" నాకు జవాబు రాలే.

నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కగా, పచ్చగా అవుతుంది. తక్కువసార్లు వస్తుంది. లోపలి క్రిములు కొట్టుకుపోవు, అక్కడే పెరుగుతాయి. రాళ్లు కూడా కట్టవచ్చు. అందుకని వచ్చినప్పుడు ఆపుకోవద్దు. ఇద్దరు ముగ్గురు తోడుగా పోండి. ఒకరు కావలి ఉండాలె.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క ఇది: ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు సుమారు 8 గ్లాసులు. అంటే 2 లీటర్లు. ఎండలో పని చేస్తే ఇంకా ఎక్కువ కావాలె. ఒకేసారి గటగటా తాగవద్దు, కొంచెం కొంచెం తాగండి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే తాగాలి.

మంజీర మన పక్కనుంచే పారుతది. సింగూరు నీళ్లు పట్నం పోయినయి, మనం బిందెలు పట్టుకొని తిరిగినం! 2016లో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది. ఆ తర్వాత ఇండ్లకు నల్లాలు వచ్చినయి. నల్లా రాని రోజు మళ్లీ బిందెలే. ఆ రోజు ఇంట్లో అందరూ తాగినంక మిగిలితేనే ఆడది తాగుతది.

లెక్క ఎట్ల పెట్టాలె? నోటుబుక్కులో తేదీ రాయండి. గ్లాసు తాగినప్పుడల్లా ఒక గీత గీయండి. చేనుకు పోతే కొంగుకు 8 చింతగింజలు కట్టుకోండి. తాగినప్పుడల్లా ఒకటి పారేయండి. మొదటి రోజు నా గీతలు మూడే!

ఇంకో మాట. పిల్లలు కూల్‌డ్రింకు తెస్తే సీసా మీద చదవండి. అక్షరాలు ఇంగ్లీషువైనా అంకెలు మనకు వస్తయి కదా. 300 మిల్లీలీటర్ల తీపి కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఏడెనిమిది చెంచాలు. మన చాయ్‌లో అంత వేస్తే అత్త ఊకుంటదా?

కొన్ని సీసాల మీద సున్నా ఉంటుంది. అందులో చక్కెర లేదు. తీపి కోసం వేరే మందు కలుపుతరు. బరువు తగ్గడానికి అటువంటివి వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. షుగరు జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగండి. కుండనీళ్లలో కూడా సున్నానే! దానికి పైసలు పెట్టే పని లేదు. రుచి కావాలంటే నిమ్మకాయ పిండుకోండి, చక్కెర వద్దు. పల్చని మజ్జిగ కూడా మంచిదే.

రేపు నోటుబుక్కులు తెండి, గీతలు లెక్కపెడదాం. నాది కూడా చూపిస్త. నిన్న అయిదే అయినయి.