సకురా వనాలలో ఏకాంతం

పూలను చూడడానికి బయలుదేరి, మనుష్యులను చూచి తిరిగి రావడం జపాను దేశంలో వసంతకాలాన తరుచుగా కలిగే అనుభవం. ఒక ఆదివారం మధ్యాహ్నం టోక్యో నగరంలోని ఉయెనో ఉద్యానవనంలో నాకూ అదే అనుభవం కలిగినది. తలపైన లేత గులాబి వన్నె మేఘాల వలె సకురా పూలు. వాటి కింద తిరునాళ్ళ సందడి. చెట్ల నీడన నీలిరంగు పట్టాలు పరచుకొని కుటుంబాలు కుటుంబాలు విందులు చేసుకొంటున్నవి. ఒక కొమ్మను తేరి చూచేలోగా వెనుక నుంచి వచ్చే జనం నన్ను ముందుకు నెట్టుకొని పోయినది. గంటసేపు నడిచాను గాని, ఒక్క పూవునైనా నిదానంగా చూచానని చెప్పలేను.

ఈ పుష్పదర్శనాన్ని జపానువారు 'హనామి' అంటారు. పూలను చూడడమనే ఆ మాటకు అర్థం. అయితే అందరూ ఒక్కసారే ఎందుకు చూడవలె? కారణం ఆ చెట్టులోనే ఉన్నది. నగరాలలో మనకు ఎక్కువగా కనిపించేది 'సోమెయి యోషినో' అనే రకం. టోక్యోకు ఎడో అనే పేరున్న కాలంలో, దాని శివారు గ్రామమైన సోమెయి తోటమాలుల చేతుల మీదుగా ఇది వ్యాప్తిలోకి వచ్చినది. దీనిని విత్తనం నాటి పెంచరు, అంటుకట్టి పెంచుతారు. అందుచేత దేశమంతటా ఉన్న ఈ చెట్లు ఒకే చెట్టుకు ప్రతిరూపాలని చెప్పవచ్చు. ఒక ఊరిలో ఒకే విధమైన వేడిమి తగిలితే అన్నీ ఒకేసారి పూస్తవి. నిండుగా విరిసిన పూత వారం రోజులు నిలిస్తే గొప్ప. నడుమ గాలివాన వస్తే అదీ లేదు. చెట్లన్నీ ఒక్కసారే పూస్తే జనమంతా ఒక్కసారే రాక ఏం చేస్తారు?

ఈ చిక్కు నేటిది కాదు. ఎడో కాలంలో ఉయెనో కాన్‌యెయిజి అనే బౌద్ధాలయపు ఆవరణ. పూలు చూడవచ్చును గాని, పాటలు, మద్యం అక్కడ నిషిద్ధం. అప్పుడు ఎనిమిదవ షోగన్ తొకుగావా యోషిమునె ఒక మంచి ఉపాయం చేశాడు. 1720 ప్రాంతంలో నగరానికి ఉత్తరాన ఉన్న అసుకాయామా గుట్టమీద చెర్రీ మొక్కలు విరివిగా నాటించి, 1737లో ఆ చోటును సామాన్య ప్రజల వినోదానికి విడిచిపెట్టాడు. వద్దని చెప్పడంకన్న మరొక చోటు చూపడం మేలని ఆయన గ్రహించినట్లున్నది.

మరొక చోటు చూపడానికి నాకు మాత్రం కొంత సంకోచంగా ఉన్నది. ప్రశాంతమైన తావు ఇదీ అని రేడియోలో చాటిన తరువాత అది ఎంతకాలం ప్రశాంతంగా ఉంటుంది? కాబట్టి నేను చెప్పదలచినది పేర్లు కాదు, వెదకే మార్గం. పేర్లు ఉదాహరణలు మాత్రమే.

మొదటిది వేళ. ఉయెనోలో విసిగిన మరునాడు తెల్లవారుజామున, అక్కడికి నడచి పోదగిన దూరంలోనే ఉన్న యానాకా శ్మశానవాటికకు వెళ్ళాను. చివరి షోగన్ యోషినోబు సమాధి ఉన్నది అక్కడే. నడిమి బాటకు ఇరువైపులా సకురా చెట్లు. ఒక వృద్ధురాలు తమవారి సమాధిపై నీళ్ళు పోసి, చేతులు జోడించి నిలుచున్నది. రేకులు రాలడం తప్ప వేరే కదలిక లేదు. అవే పూలు, అదే నగరం. మారినది గడియారంలో ముల్లు మాత్రమే. అది పితృదేవతల స్థలం గనుక అక్కడ విందులు, బిగ్గర మాటలు తగవు.

రెండవది రకం. సోమెయి యోషినో రాలిపోగానే ఋతువు ముగిసినదని చాలామంది అనుకొంటారు. నిజానికి ఒకటి రెండు వారాల తరువాత 'యాయెజకురా' పూస్తుంది. మన ముద్దమందారం వలె రేకుమీద రేకు కూర్చిన ముద్దపూవు అది. 1924లో తెరచిన క్యోటో వృక్షశాస్త్రోద్యానంలో ముందు పూసేవి, వెనుక పూసేవి ఎన్నో రకాలున్నవి.

మూడవది ఎత్తు. నారా మండలంలోని యోషినో కొండమీద సుమారు 30,000 చెట్లున్నవి. చాలావరకు అడవి సకురాలు. పూలతోపాటే ఎర్రని లేతాకు తొడుగుతవి. పూత కొండ దిగువన మొదలై నడిమికి, పైకి, చివరకు లోపలి వనానికి మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. దిగువన సమ్మర్దం తప్పదు. కాళ్ళలో సత్తువ ఉన్నవారు కొద్దిరోజులు ఆలస్యంగా వెళ్ళి లోపలి వనం దాకా నడిస్తే, పూలూ దక్కుతవి, నిశ్శబ్దమూ దక్కుతుంది.

నాలుగవది దిక్కు. దక్షిణాన మార్చి నెలాఖరులో మొదలైన పూత ఉత్తరాన హొక్కాయిదో దీవికి చేరేసరికి ఏప్రిల్ చివరి దినాలు వస్తవి. ఆ దీవి దక్షిణపు కొసన మాత్సుమాయె అనే చిన్న కోట పట్టణం ఉన్నది. అక్కడ సుమారు 250 రకాల చెట్లు 10,000 దాకా ఉన్నవి. ఒకదాని తరువాత ఒకటి పూయడంచేత వేడుక దాదాపు నెల రోజులు సాగుతుంది. రైలు అక్కడిదాకా పోదు. కికొనాయి స్టేషనులో దిగి బస్సు ఎక్కవలె. ఆ కొద్దిపాటి శ్రమే ఆ ఊరికి కంచె. అయితే ఏప్రిల్ చివర, మే మొదట జపానులో వరుసగా సెలవు దినాలు వస్తవి. అవి దాటిన తరువాత పోవడం ఉత్తమం.

పోయిన యేటి తేదీలను మాత్రం నమ్మరాదు. 2021లో క్యోటోలో మార్చి 26 నాటికే పూత నిండుగా విరిసినది. అప్పటిదాకా ఉన్న పన్నెండు వందల ఏండ్లకు పైబడిన లెక్కలలో అంత ముందుగా విరిసినట్లు లేదు. వేడిమి పెరిగినకొద్దీ పూలు తొందరపడుతున్నవి. కనుక పూత అంచనాలు చూచి, రెండు మూడు రోజులు వెసులుబాటు ఉంచుకొని ప్రయాణం నిర్ణయించుకోవలె.

చివరిగా ఒక్క మాట. సకురా వేళ్ళు నేలకు పైపైనే పాకుతవి. చుట్టూ మట్టిని తొక్కితే అది గట్టిపడి వేళ్ళకు గాలి, నీరు అందవు. కొమ్మ విరిగితే గాయం కుళ్ళుతుంది. జనం లేని చోటు వెదకే మనం కూడా జనంలో ఒకరమే. బాట విడువక, కొమ్మ వంచక చూచి వస్తే, ఆ ఏకాంతం మన తరువాత వచ్చేవారికి కూడా మిగిలి ఉంటుంది.