సంతకం పెట్టేముందు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు మొన్న స్టాంపు కాగితం పట్టుకొని వచ్చాడు. దర్జీ దుకాణంలో కటింగు మాస్టరు. పని మానిన తర్వాత రెండేళ్ళు ఈ ఊళ్ళో మరే దర్జీ దుకాణంలోనూ చేరనని, చేరితే లక్ష రూపాయలు కడతానని అందులో ఉన్నది. ఇంగ్లీషులో ఉన్నందున చదవకుండానే సంతకం పెట్టాడట. పని మానాక ఆ భయంతో రెండు నెలలు ఇంట్లోనే కూర్చున్నాడు. తల్లి గాజులు తాకట్టుకు పోయాయి.

ఆ భయం అక్కరలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, మనిషిని న్యాయమైన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని దాని మంచిపేరుతో సహా అమ్మినవారికి మాత్రం సబబైన హద్దుల్లో మినహాయింపు ఉన్నది. గడువు తీరాక కూడా కట్టిపడేసే షరతు చెల్లదని 2006లో క్రికెటరు జహీర్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అలాగని సంతకాలన్నీ ఉత్తవే అనుకోవద్దు. కొలువులో ఉన్నంతకాలం పోటీవారికి పనిచేయరాదన్న షరతు సాధారణంగా చెల్లుతుంది. ఐదేళ్ళకు ఒప్పుకొని మధ్యలో పోటీ కంపెనీకి వెళ్ళిన ఉద్యోగిపై నిషేధాన్ని 1967లో గోలికరి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. మూడేళ్ళలోపు మానితే 2 లక్షలు కట్టాలన్న ఒక బ్యాంకు షరతును 2025లో నిలబెట్టింది.

యజమానులకూ ఒక మాట. మీరు పని నేర్పినవాడు ఎదుటి దుకాణంలో చేరితే కడుపు మండటం సహజమే. కాని చెల్లని కాగితం పట్టుకొని కోర్టుకెక్కితే ఖర్చే మిగులుతుంది. కలకత్తాలో ఒక వ్యాపారి డబ్బిస్తానని చెప్పి పోటీదారు దుకాణం మూయించాడు, ఇవ్వలేదు. ఒప్పందమే చెల్లదని 1874లో హైకోర్టు తేల్చటంతో మూసుకున్నవాడికి ఏమీ దక్కలేదు. అంతకంటే నోటీసు గడువు, శిక్షణకు నిజంగా అయిన ఖర్చు, దుకాణం రహస్యాలు, వీటిని తెలుగులోనో ఉర్దూలోనో వ్రాయించి, చదివి వినిపించండి.

అప్పును వ్రాసుకొమ్మని, ఇచ్చిన మాట నిలుపుకొమ్మని ఖురాన్ షరీఫ్ మనకు నేర్పింది. చదవని కాగితానికి మాట ఎలా ఇస్తాం? పిల్లలూ, నకలు అడిగి తీసుకోండి. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతుల్లోనూ వదలకండి. అనుమానముంటే ముందే వకీలుకు చూపండి.

ఆ కుర్రవాడు ఇప్పుడు కొత్తచోట పనికి వెళుతున్నాడు. పాత దుకాణం కొలతల పుస్తకం వాడి దగ్గరే ఉండిపోయింది. ముందు అది తిరిగి ఇచ్చి రమ్మన్నాను. ఇచ్చి వచ్చాడు.

సెలవు. ఖుదా హాఫిజ్.