శాఖ మారే ముందు ఒక మాట

హిందూపురంలోనో, ధర్మవరంలోనో వార్డు సచివాలయానికి వెళ్ళి చూడండి. ఏఎన్ఎమ్ ఒక చేత్తో టీకాల డబ్బా, ఇంకో చేత్తో సర్వేల ఫోను పట్టుకుని కనిపిస్తారు. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైన నాటి నుంచీ ఆమె చేసే పని వైద్యారోగ్య శాఖది, కూర్చునే చోటు సచివాలయానిది. ఒక ఉద్యోగం, ఇద్దరు పైవాళ్ళు! ఇలాంటి చోట శాఖ మార్పు మాట రావడం సహజమే. జిల్లా మార్పూ అలాంటిదే.

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు అనంతపురం సిబ్బందిని రెండు జిల్లాలకూ సర్దారు. ఇలా జిల్లా మారినా, శాఖ మారినా ఉద్యోగికి ముందు తట్టే ప్రశ్న ఒకటే: నా సీనియారిటీ ఏమవుతుంది?

మన సర్వీసు నిబంధనల్లో కీలకం ఇక్కడే ఉంది. ప్రభుత్వమే పరిపాలనా అవసరం కోసం మారిస్తే పాత సీనియారిటీ నిలుస్తుంది. మనమే కోరి వెళ్తే, కొత్తచోట చేరిన తేదీ నుంచే లెక్క. అంటే ఉత్తర్వులో 'సొంత అభ్యర్థన' అన్న రెండు మాటలు పదేళ్ళ సర్వీసును వరుసలో వెనక్కి నెట్టగలవు.

అందుకే ఇలాంటి మార్పులకు ముందే ప్రభుత్వం ఉద్యోగ సంఘాలతో మాట్లాడాలి. రాష్ట్రంలో అందుకు జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ వేదిక ఉంది. ప్రభుత్వోద్యోగుల సంప్రదింపుల హక్కుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1978లోనే ఒప్పందం తెచ్చింది.

పెనుకొండ ఆసుపత్రి ఎఫ్ఎన్ఓ (ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ) అయినా, ధర్మవరం ఆఫీస్ సబార్డినేట్ అయినా ఒకటి గుర్తుంచుకోండి. మార్పుకు ఒప్పుకుంటూ ఇచ్చే సమ్మతి పత్రం చదవకుండా సంతకం పెట్టకండి. సర్వీసు రిజిస్టరు నకలు దగ్గరుంచుకోండి.